కావడి నుండి వీపుసంచి దాకా

ఆడికృత్తికనాడు తిరుత్తణికొండ 365 మెట్లమీద కావడులు సాగుట మన కుటుంబములవారందఱు చూచినదే. అది మ్రొక్కుబడి కావడి. పూలతో నిండి, మోయుటకు తేలిక. మన పల్లెలలో నీళ్లకును పాలకును వాడిన కావడి వేఱు. దాని బద్ద నడకతోపాటు వంగి లేచుచు కుదుపును తానే మ్రింగును. రెండు కొనల బరువు సమముగా నుండవలెను. ఒక భుజము నొచ్చినప్పుడు ఆగకయే రెండవ భుజమునకు మార్చుకొనుట మోయువాని నేర్పు. ఎంత నేర్చినను భుజమున కాయ కట్టుట తప్పదు. మా తాతగారి కుడిభుజముపై నట్టి కాయను చిన్ననాట తడవి చూచితిని.

యాత్రాచరిత్రలు ఈ భుజములను గూర్చి చెప్పునది తక్కువ. మదరాసు సుప్రీంకోర్టున ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిరి. పల్లకి, డేరాలు, పరివారము గల ఆ ప్రయాణమున బరువంతయు బోయీలది, కూలీలది. మా పెద్దలవంటివారు పల్లకిలో నుండువారు కారు, దాని క్రింద నుండువారు. 1856 జూలై 1న రాయపురము నుండి వాలాజా దాకా, తిరువళ్లూరు మీదుగా, రైలుమార్గము తెరువబడెను. దూరపు బరువు క్రమముగా బండి కెక్కినది. నడచువానికి జోలెయే మిగిలినది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశమునుండి మదరాసు రాష్ట్రములోనికి వచ్చెను. చిత్తూరు పల్లెల కావడులు మాత్రము మునుపటివలెనే వచ్చుచున్నవి. ఇటువారు తిరుపతికి కాలినడకను పోవుటయు మానలేదు. నా యిరువదియవ యేట నేనును పోయితిని. ఒంటిపట్టె సంచిలో రెండు పంచెలు, దుప్పటి, అటుకులు, ఒక ఇత్తడి చెంబు. నగరి చేరునప్పటికే ఎడమచేయి తిమ్మిరెక్కి వ్రేళ్లు ముడువరాకుండెను. వెంటనున్న వృద్ధుడొకడు, “నాయనా, భుజము మీద వ్రేలాడదీసిన బరువు నిన్ను లాగును. నడుమున నిలుపుకొనుము” అని, మూటను వీపున కెత్తి నా పైపంచెతో నడుమునకు బిగించెను. ఆ కట్టుతోనే తిరుపతి చేరితిని.

అమెరికాలో డిక్ కెల్టీ యనునతడు 1952లో అల్యూమినియపు చట్రముగల వీపుసంచులను అమ్మనారంభించెను. నడుముపట్టెతో బరువును తుంటిమీదికి దింపుట వాని విశేషము. ఈ సంగతి చదివినప్పుడు నాకు నగరిబాట వృద్ధుడే గుర్తుకు వచ్చెను.

గత యేడు నాగలాపురపు కొండలకు పోవలెనని మా మనుమడు పెద్ద సంచి కొని తెచ్చెను. అందఱికి సరిపోవునని అంగడివాడు చెప్పెనట. తగిలించి చూడగా నడుముపట్టె తుంటి దిగువకు జారెను. చూడవలసినది మనిషి పొడవు గాదు, వీపు పొడవు: మెడక్రింద పొడుచుకొనియుండు ఎముక నుండి తుంటి పైయంచు దాకా. మా గృహిణి కుట్టుపని టేపుతో కొలువగా 43 సెంటీమీటర్లు వచ్చెను. వాడు ఆ కొలతతో మరల పోయి, సంచిలో బరువు పెట్టించి, అంగడిలోనే పావుగంట నడచి, చిన్నది మార్చి తెచ్చెను. బరువైనవి వీపు నంటి యుంచితిమి. మోత మనిషి బరువులో ఐదవవంతు మించరాదని అనుభవజ్ఞులందురు. వాడు 60 కిలోలు గనుక 12 దగ్గఱ గీత గీచితిమి. తూచి తీసివేసిన వస్తువులలో మొదటిది నే నిచ్చిన ఇత్తడి చెంబు.