లిటిల్ వాల్టర్ ఊదిన గాలి
మా కృష్ణగిరి జిల్లా పోచంపల్లి పెళ్లిళ్లలో నాదస్వరం వింటూ పెరిగాను. ఊపిరితో పలికే వాద్యమంటే నాకు ప్రాణం. అందుకే అమెరికా బ్లూస్ కళాకారుడు లిటిల్ వాల్టర్ మౌత్ ఆర్గాన్ అంత నచ్చింది.

లూసియానాలో పుట్టి, 12 ఏళ్లకే బడి మానేసి, వీధుల్లో వాయిస్తూ షికాగో చేరాడు. గిటార్ల హోరులో ఈ చిన్న వాద్యం వినబడేది కాదు. మైకునూ దాన్నీ కలిపి రెండు అరచేతుల్లో మూసి, ఆంప్లిఫయర్‌కు తగిలించాడు. గాలి లోపలికి పీలుస్తూ స్వరాన్ని కిందికి వంచితే, మనిషి గొంతు జీరబోయినట్టే ఉంటుంది! బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంతో 1952 మే 12న రికార్డు చేసిన ‘జూక్’ అనే బాణీలో ఒక్క మాటా లేదు. అయినా రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

1968 ఫిబ్రవరిలో, వీధి కొట్లాట తర్వాత పోయాడు. నలభై ఏళ్లయినా నిండలేదు.