కోనసీమ కొబ్బరితోటలు – వాని పూర్వోత్తరములు

గౌతమి, వసిష్ఠ యను గోదావరీశాఖల నడుమ, నొకప్రక్క సముద్రము హద్దుగాఁ గల ముక్కోణపు భూభాగమే కోనసీమ. 2022లో నిది ప్రత్యేకజిల్లా యయ్యెను. రావులపాలెము మీదుగా నీ సీమఁ బ్రవేశించువారికి మొదట నరఁటితోటలు కనుపించును. అమలాపురము దిక్కునకు సాగినకొలఁదిఁ గొబ్బరిచెట్లు దట్టమగును. పెరటిలోఁ గొబ్బరి, కాలువగట్టున గొబ్బరి, వరిచేని గట్టునను గొబ్బరియే. కన్నకొడుకు కూడు పెట్టకున్నను గొబ్బరిచెట్టు పెట్టునని యచ్చటి నానుడి.

ఈ పచ్చఁదనమును జూచి యిది యనాదిగా నిట్లే యున్నదని తలఁచుట పొరపాటు. కొబ్బరి యీ నేలకుఁ గ్రొత్త కాదు గాని, నిలుకడగల నీరు మాత్రము క్రొత్తది. 1832–33లోని కరవును, 1839లోఁ గోరంగిని ముంచిన యుప్పెనయు గోదావరీమండలమును గుంగఁదీసెను. నది నిండ నీరు పాఱుచుండఁగా దాని యొడ్డున జనులు తిండిలేక మడియుట నాఁటి విపరీతము. ఆర్థరు కాటను దొర యాలోచనపై 1847లో ధవళేశ్వరమున నానకట్ట పని మొదలై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని దానికి నాలుగు భాగములు. మన వాఁడగు వీణెము వీరన్నగా రా పనిలోఁ గాటనునకుఁ గుడిభుజమై నిలిచిరి. బొబ్బర్లంకకడఁ దలయెత్తిన కాలువలు కోనసీమకు నీరు దెచ్చెను.

అయినను వైనతేయనది కావలనున్న నగరపులంకకు నీ రందలేదు. అందులకై గన్నవరముకడ నదిమీఁదుగాఁ గాలువనే నడిపించు వంతెనను, 49 కమానులతోఁ గట్టిరి. క్రింద నది, పైనఁ గాలువ! ఈ సీమకుఁ బోయినవారు దానిని దప్పక చూడవలెను. దొరల పేర్లు చరిత్రలో నిలిచినవి. రాయి మోసి, సున్నము నూఱి, యా కమానులు నిలిపిన వేలకొలఁది కూలిజనుల పేళ్లు మాత్రము మన పుస్తకములలోఁ గానరావు.

నేఁ డీ సీమలోఁ గొబ్బరివ్యాపారమునకు నంబాజీపేట పేరుగన్నది. పచ్చికాయ, కురిడికాయ, నూనె, పీచు — అన్నిటికిని బేరమున్నది. కాయలను నెలలతరబడి నిలువచేసి లోని నీ రింకిపోయినపిమ్మట డొక్క యొలిచి, చిప్ప పగులఁగొట్టి తీసిన గుండే కురిడి. ఇది యుత్తరదేశమునకు విరివిగాఁ బోవును. అంబాజీపేటలో 1955లో నెలకొన్న పరిశోధనాస్థానము, తూర్పుతీరపు పొడవు రకమును గంగాబొండముతో సంకరపఱచి గోదావరి గంగ యను రకమును రైతుల కందించెను. తోటలలోఁ గోకో, కంద మొదలగునవి యంతరపంటలుగా నున్నవి.

ఒక్కపంటను నమ్మినవారి కొక్కరాత్రి చాలునని 1996 నవంబరు 6వ తేదినాఁటి తుపాను నిరూపించెను. వేయిమందికిఁ బైగా మడిసిరి. లెక్కకు మిక్కిలి చెట్లు మొవ్వులు విఱిగి కూలిపోయెను. వరి చెడిన మఱుసటేఁడు మరల విత్తవచ్చును. పొడవురకపు కొబ్బరి నాటిన నైదాఱేండ్లకుఁ గాని కాపునకు రాదు. అంతదాఁక నా యింటి పొయ్యి వెలుఁగుట యెట్లు? చెట్టుగలవానికే యింత కష్టమైన, దాని నెక్కి కాయ దింపి బ్రదుకువాని గతి చెప్ప నేల?

కులబాంధవులారా! మన మీ దింపుకూలీలను మఱచుచున్నాము. నిలువెత్తునకు నెన్నియో రెట్లున్న చెట్టెక్కువాఁడు జాఱిన, వాని కుటుంబము వీధిపాలగును. వారి బిడ్డ లా పని విడిచిపోవుచున్నారని వగచుటకన్న, ఆ పనికి భద్రతయు గౌరవమును గల్పించుట మేలు. ఎక్కుటకు సాధనములు, ఆపదకు బీమా, బిడ్డల చదువునకు వేతనము — యీ మూఁటికి సంఘనిధిలోఁ గొంత ప్రత్యేకింపవలెనని నా మనవి. రైతు లొక్కటియై పీచునుండి త్రాళ్లు, చిప్పనుండి బొగ్గు తామే చేయించినచోఁ గాయధర పడిపోయినపుడు సైతము కొంత యాదరువు మిగులును.

గన్నవరపు వంతెనలో నే కమానును దానంతటఁ దా నిలువలేదు. ప్రక్కకమాను నానుకొని నిలిచినది. సంఘమును నట్టిదే. కమానులు నిలిపినవారి పేళ్లను మన పెద్దలు వ్రాయలేదు. చెట్టెక్కువారి పేళ్లనైన మనము వ్రాసి యుంచుకొందము.