సంధి కుదిరిన మర్నాడు: టెలివిజన్ వైజ్ఞానిక కల్పనలో రాయబారులు

ఒక రాయబారి సమర్థుడా కాదా అని తేల్చటానికి కొలబద్ద ఏమిటి? చరిత్ర విద్యార్థికి ఇది పాత ప్రశ్న. సాహిత్య విద్యార్థికీ కొత్తది కాదు. ఉద్యోగపర్వంలో మూడు రాయబారాలున్నాయి. ద్రుపదుని పురోహితుడు హస్తినకు వెళ్తాడు, ధృతరాష్ట్రుడి పక్షాన సంజయుడు పాండవుల దగ్గరికి వస్తాడు, చివరకు కృష్ణుడు కౌరవ సభకు వెళ్తాడు. మూడూ కలిసి యుద్ధాన్ని ఆపలేకపోయాయి. అయినా మన పౌరాణిక నాటక ప్రేక్షకుడు రాయబార ఘట్టంలో 'వన్స్ మోర్' కొట్టాడు. అతను మెచ్చింది పద్యాన్ని. సంజయుడు తెచ్చిన సందేశంలో శాంతి ఉంది, భూమి ఇస్తామన్న మాట లేదు. ఈ సంగతి ఆలోచించినవాళ్లకంటే పద్యం నెమరువేసుకున్నవాళ్లే ఎక్కువ. ఆ విధంగా వాక్చాతుర్యమే సామర్థ్యంగా చలామణి అయింది.

ఇదే ప్రశ్నను ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో మరో రూపంలో ముందుకు తెచ్చిన కథాసాహిత్యం ఒకటుంది. అది అమెరికా, బ్రిటన్ దేశాల టెలివిజన్ వైజ్ఞానిక కల్పన. వ్యాపార ప్రకటనల మధ్య అమ్ముడుపోయే కాలక్షేపం కదా అని దాన్ని తోసిపుచ్చటం సులువు. కాని ప్రచ్ఛన్న యుద్ధకాలంలో వియత్నాం గురించి, జాతి వివక్ష గురించి నేరుగా చెప్పటానికి అక్కడి టెలివిజన్ సంస్థలు ఇష్టపడనప్పుడు, రచయితలు ఆ సంగతుల్ని గ్రహాంతరాలకు తరలించి చెప్పారు. 'స్టార్ ట్రెక్' సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఈ మాట బాహాటంగానే చెప్పుకున్నాడు. కనుక ఆ కథల్లోని రాయబారుల్ని పరిశీలించటమంటే, ఆ దేశాలు తమ దౌత్యాన్ని తామే ఏ విధంగా చూసుకున్నాయో పరిశీలించటమే.

'స్టార్ ట్రెక్' 1966 సెప్టెంబరు 8న ఎన్‌బిసిలో మొదలై 1969 జూన్ దాకా 79 భాగాలుగా నడిచింది. 1980లలో మన దూరదర్శన్ కూడా దాన్ని ప్రసారం చేసింది. 1967 ఫిబ్రవరి 23న వచ్చిన 'ఎ టేస్ట్ ఆఫ్ ఆర్మగెడాన్' అనే భాగంలో రాబర్ట్ ఫాక్స్ అనే రాయబారి కనిపిస్తాడు. ఎమినియార్, వెండికార్ అనే రెండు గ్రహాల మధ్య ఐదువందల ఏళ్లుగా యుద్ధం నడుస్తూ ఉంటుంది. బాంబులు పడవు, ఇళ్లు కూలవు. కంప్యూటర్లు దాడుల్నీ మృతుల్నీ లెక్కగడతాయి. జాబితాకెక్కినవాళ్లు తమంతట తామే నడిచివెళ్లి సంహార యంత్రాల్లోకి అడుగుపెడతారు. వియత్నాంలో అమెరికా సైన్యం యుద్ధ పురోగతిని శవాల లెక్కతో కొలుస్తున్న రోజులవి. ఈ కల్పన యాదృచ్ఛికం కాదు.

దగ్గరకు రావద్దని ఎమినియార్ హెచ్చరించినా ఫాక్స్ వినడు. ఆ ప్రాంతంలో ఫెడరేషన్‌కు ఒక ఒడంబడిక రేవు కావాలి, అది లేకనే వేల ప్రాణాలు పోయాయి అంటాడు. ఒడంబడిక రేవు అనే మాట అంతరిక్షంలో పుట్టింది కాదు. నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా మీద బ్రిటన్ 1842లో నాన్‌కింగ్ ఒప్పందాన్ని రుద్ది, కాంటన్, షాంఘైలతో సహా ఐదు రేవుల్ని తన వర్తకానికి తెరిపించింది. ఆ మాటకు ఆనాటినుంచి చరిత్రలో ఒక నిర్దిష్టమైన అర్థం ఉంది. ప్రాణరక్షణ పేరుతో ఫాక్స్ అడిగేది ఆ రేవునే. నౌక రక్షణ కవచాలు దించమని కూడా అతను ఆదేశిస్తాడు. నౌక అధికారి ధిక్కరించటంవల్లనే నౌక బతుకుతుంది. చివరకు కెప్టెన్ కిర్క్ గ్రహాన్ని ధ్వంసం చేస్తానని బెదిరించి, కంప్యూటర్లను పేల్చివేసి, అసలైన యుద్ధమో శాంతో ఎంచుకోమంటాడు. అప్పుడు ఫాక్స్ మధ్యవర్తిగా కుదురుకుంటాడు.

ఫాక్స్ అసమర్థుడని ఆ ధారావాహిక అభిమానులు తేల్చేశారు. ఆ తీర్పు తొందరపాటుది. కథాశిల్పమే అతన్ని అసమర్థుణ్ణి చేసింది. కెప్టెన్ నాయకుడు కావాలంటే రాయబారి ముందుగా మూర్ఖుడు కావాలి. యాభై నిమిషాల్లో ముగియవలసిన కథకు నెలల తరబడి సాగే చర్చలు పనికిరావు, ఒక పేలుడు పనికొస్తుంది. యుద్ధనౌక నీడలో జరిగే దౌత్యానికి ఇంతకంటే నిజాయితీ అయిన చిత్రణ దొరకదేమో! కాని మనం అడగవలసిన ప్రశ్న దగ్గర కథ ఆగిపోతుంది. సంధి కుదిరిందా? కుదిరితే ఆ రేవు తెరుచుకుందా? తెరుచుకుంటే ఎమినియార్ ప్రజలకు ఏమైంది? నౌక అప్పటికే మరో గ్రహం దారి పట్టింది.

అదే సంవత్సరం నవంబరులో వచ్చిన 'జర్నీ టు బాబెల్' పూర్తిగా రాయబారుల కథ. రచయిత్రి డి.సి. ఫాంటానా. నౌకలో 114 మంది ప్రతినిధులు, వారిలో 32 మంది రాయబారులు. కోరిడాన్ అనే గ్రహాన్ని ఫెడరేషన్‌లో చేర్చుకోవాలా వద్దా అన్నది చర్చ. కోరిడాన్‌లో విలువైన ఖనిజముంది, జనాభా తక్కువ, రక్షణ లేదు. దొంగచాటు తవ్వకాలతో లాభపడుతున్నవాళ్లు చేర్చుకోవద్దంటారు. వల్కన్ రాయబారి సారెక్ చేర్చుకోవాలంటాడు. మార్క్ లెనార్డ్ నటనవల్ల ఈ పాత్ర దౌత్య గాంభీర్యానికి ప్రతీకగా నిలిచిపోయింది. సారెక్ పక్షం న్యాయమైనదే. కాని కథంతా చూసినా కోరిడాన్ మనిషి గొంతు వినపడదు. 1884-85లో బెర్లిన్ సమావేశం ఆఫ్రికా గురించి నియమాలు రాసినప్పుడు ఆ బల్ల దగ్గర ఆఫ్రికా మనిషి లేడు. మంచి ఉద్దేశంతో మాట్లాడే రాయబారి కూడా లేనివాడి తరఫున మాట్లాడుతున్నప్పుడు మనం జాగ్రత్తగా వినవలసి ఉంటుంది.

సంధి కుదిరిన మర్నాటి కథ చెప్పిన ఘనత, కొంత అనుకోకుండానే, బ్రిటిష్ ధారావాహిక 'డాక్టర్ హూ'కి దక్కింది. 1972 జనవరి 29న మొదలైన 'ద కర్స్ ఆఫ్ పెలడాన్' నాలుగు భాగాల కథ. రచయిత బ్రయన్ హేల్స్. పెలడాన్ ఒక వెనుకబడిన రాజ్యం. దాని యువ రాజు గెలాక్టిక్ ఫెడరేషన్‌లో చేరాలనుకుంటాడు. అర్హత తేల్చటానికి వివిధ గ్రహాల ప్రతినిధులు వస్తారు. ప్రధాన పూజారి హెపెష్ వ్యతిరేకిస్తాడు. వాళ్లు మన ఖనిజాల్ని దోచుకుంటారు, మనల్ని బానిసల్ని చేస్తారని అతని భయం. కథ అతన్ని ఛాందసుడైన కుట్రదారుగా ఓడించి, ఒప్పందాన్ని గెలిపిస్తుంది. ఈ కథకు సరిగ్గా వారం ముందు, జనవరి 22న, బ్రిటిష్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరే ఒప్పందం మీద సంతకం చేశాడు. విమర్శకులు ఈ రెంటినీ కలిపి చదవటం సహజమే.

రెండేళ్ల తరువాత, 1974 మార్చి 23 నుంచి, అదే రచయిత 'ద మాన్‌స్టర్ ఆఫ్ పెలడాన్' రాశాడు. కథాకాలం యాభై ఏళ్లు ముందుకు జరిగింది. పెలడాన్ ఇప్పుడు ఫెడరేషన్ సభ్యురాలు. మరో నక్షత్రమండలంతో ఫెడరేషన్ యుద్ధంలో ఉంది. యుద్ధానికి ట్రైసిలికేట్ అనే ఖనిజం కావాలి. దాన్ని తవ్వేది పెలడాన్ గని కార్మికులు. సభ్యత్వంవల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదు. బతుకు అలాగే ఉంది, పని పెరిగింది. బ్రిటన్‌లో ఆ ఫిబ్రవరిలోనే బొగ్గుగని కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె నడుమ జరిగిన ఎన్నికల్లో హీత్ ప్రభుత్వం పడిపోయింది. ఆ వేడి కథలో స్పష్టంగా ఉంది.

ఈ రెండు కథల్లోనూ ఉన్న రాయబారి ఆల్ఫా సెంటారి. మంచివాడు, మర్యాదస్తుడు, పిరికివాడు. మొదటి కథలో కొత్తగా వచ్చిన ప్రతినిధి, రెండో కథలో పెలడాన్‌లోనే స్థిరపడిన రాయబారి. ఖనిజం ఆగితే కంగారుపడతాడు. ఆ ఖనిజం తవ్వేవాడి గుడిసెలో ఏముందో యాభై ఏళ్లలో అతనికి తెలిసినట్టు కనపడదు. మొదటి కథతో ఆపితే ఆల్ఫా సెంటారి జయప్రదమైన దౌత్యానికి భాగస్వామి. రెండో కథ చదివితే అదే ఒప్పందానికి వేరే విలువ తేలుతుంది. హెపెష్ కుట్రదారే కావచ్చు, కాని అతని భయంలో కొంత నిజం ఉండిందని చరిత్ర రుజువు చేసింది. రెండో కథ ముగింపులో డాక్టర్ గని కార్మికుల నాయకుడు గెబెక్‌ను రాణికి మంత్రిగా సూచిస్తాడు. ఇది సంస్కరణవాద పరిష్కారమే. అయినా బల్ల దగ్గర లేనివాణ్ణి బల్ల దగ్గరికి తేవాలన్న గుర్తింపు అందులో ఉంది.

హేల్స్‌కు అనుకోకుండా దొరికిన అవకాశాన్ని జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ పథకం ప్రకారం కల్పించుకున్నాడు. 1994 నుంచి 1998 దాకా నడిచిన అతని 'బాబిలాన్ 5', ఐదేళ్ల నవలగా ముందే ఊహించుకున్న ధారావాహిక. 110 భాగాల్లో అత్యధిక భాగం అతని సొంత రచన. రంగస్థలం అంతరిక్షంలోని ఒక కేంద్రం. అక్కడ వివిధ జాతుల రాయబారులు ఒకే సభలో కూర్చుంటారు.

వారిలో సెంటారీ రాయబారి లోండో మొలారీ, క్షీణించిన సామ్రాజ్యానికి ప్రతినిధి. నార్న్ రాయబారి జికార్, ఒకప్పుడు ఆ సామ్రాజ్యం కింద నలిగిన జాతి ప్రతినిధి. 1996లో హ్యూగో పురస్కారం పొందిన 'ద కమింగ్ ఆఫ్ షాడోస్' అనే భాగంలో సెంటారీ చక్రవర్తి నార్న్‌లకు క్షమాపణ చెప్పాలని బయలుదేరతాడు. ఆ మాట చెప్పకముందే కుప్పకూలుతాడు. అదే సమయంలో లోండో రహస్య మిత్రుల చేత నార్న్ స్థావరం మీద దాడి చేయిస్తాడు. యుద్ధం మొదలవుతుంది. చివరకు నార్న్ గ్రహం మీద ఆకాశంనుంచి బండల వర్షం కురుస్తుంది. లొంగుబాటు షరతుల్ని సభలో లోండోయే చదువుతాడు. ఒక్క సెంటారీని చంపితే ఐదువందల మంది నార్న్‌ల్ని చంపుతారన్నది వాటిలో ఒకటి.

రాయబారి తన ప్రభుత్వానికి సేవకుడు కదా, తన పక్షానికి ఏం సాధించాడన్నదే కొలబద్ద కదా అని కొందరు వాదించవచ్చు. ఈ వాదానికి సమాధానం లోండోయే. అతను కోరిందల్లా సాధించాడు. భూమి పెరిగింది, పలుకుబడి పెరిగింది, తన పదవి పెరిగింది. మూడేళ్ల కథాకాలం గడిచేసరికి అతని సొంత గ్రహం తగలబడుతుంది. అతను చక్రవర్తి అవుతాడు, కాని మెడ మీద పరాయి శక్తి కాపలా కూర్చుంటుంది. తన సామ్రాజ్యం పెట్టిన కొలతకే అతను నిలవలేదు. జికార్ సభలో సహాయం కోసం అడిగి అడిగి ఓడిపోయాడు, పదవి పోయింది, దేశం పోయింది. కాని జాతుల కూటమి ఏర్పడినప్పుడు దాని మూల సూత్రాల్ని రాసింది అతనే. కథ ఒక్క సంవత్సరంతో ఆగితే తీర్పు తలకిందులయ్యేది.

అదే ధారావాహికలో లాంజ్ అనే శాంతి మంత్రిత్వశాఖ ప్రతినిధి వస్తాడు. నార్న్ ఆక్రమణను చూసీ చూడనట్టు వదిలేసి, సెంటారీలతో పరస్పర దాడి నిషేధ ఒప్పందం కుదుర్చుకుంటాడు. మన కాలానికి శాంతి దొరికిందని సంతోషిస్తాడు. 1938 సెప్టెంబరులో మ్యూనిక్ నుంచి తిరిగొచ్చిన చేంబర్లేన్ నీడ ఇది. నాలుగు దేశాలు కూర్చుని చెకోస్లొవేకియాను కోసి ఇచ్చిన ఆ సమావేశంలో చెకోస్లొవేకియా లేదు. ఆరు నెలలు తిరక్కుండానే 1939 మార్చిలో హిట్లర్ సేనలు ప్రాహాలో ప్రవేశించాయి.

1998లో వచ్చిన 'ఇన్ ద పేల్ మూన్‌లైట్' అనే 'డీప్ స్పేస్ నైన్' భాగం మరో ప్రశ్న వేసింది. తటస్థంగా ఉన్న రోములన్లను యుద్ధంలోకి దింపటానికి కెప్టెన్ సిస్కో దొంగ సాక్ష్యం తయారు చేయిస్తాడు. మోసాన్ని పసిగట్టిన రోములన్ సెనేటర్ హతమవుతాడు. పని జరుగుతుంది. దీన్ని సమర్థ దౌత్యమని మెచ్చుకునేవాళ్లు అమెరికా 1964లో టాంకిన్ సింధుశాఖ పేరుతో చేసిన తీర్మానాన్ని, 2003 ఫిబ్రవరిలో ఇరాక్ ఆయుధాల గురించి భద్రతామండలి ముందు పెట్టిన 'రుజువుల్ని' జ్ఞాపకం చేసుకోవాలి. అవి కూడా పని చేశాయి. పని చేసిన తరువాత ఏమైందో వియత్నాం, ఇరాక్ ప్రజలు చెప్పగలరు.

అయితే ఈ కథల్లో ఆదరించదగిన రాయబారులే లేరా? ఉన్నారు. 1989లో వచ్చిన 'లౌడ్ యాజ్ ఎ విస్పర్' కథలో రీవా అనే బధిర మధ్యవర్తి ఉన్నాడు. ఆ పాత్ర వేసిన హోవీ సీగో స్వయంగా బధిరుడు. తన తరఫున మాట్లాడే ముగ్గురు సహాయకులు హతమయ్యాక రీవా కుంగిపోతాడు. తరువాత తన లోటునే సాధనంగా మార్చుకుంటాడు. పోట్లాడుకునే రెండు పక్షాలకూ తన సైగల భాష నేర్పుతానని ఆ గ్రహం మీదే ఉండిపోతాడు. నేర్చుకునే క్రమంలో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడక తప్పదు. 1991లో వచ్చిన 'డార్మాక్' కథలో పురాణ ప్రతీకలతో మాత్రమే మాట్లాడే టమారియన్ల కెప్టెన్ డాథాన్, ఒకే ఒక్క పోలికను ఎదుటివాడికి అర్థం చేయించటానికి ప్రాణం ఇస్తాడు. ఆ కథలో ఒప్పందం మీద సంతకం పడదు. రెండు జాతులు మిత్రులయ్యాయని కూడా ఎవరూ చెప్పరు. శత్రువులు కాలేదు, అంతే. ఎదుటివాడి భాషలోకి వెళ్లటం దౌత్యానికి ప్రాణమని ఈ రెండు కథలూ చెప్తాయి. ఆ పని మన రచయితలందరి పని కూడా.

రాయబారి సామర్థ్యం సంతకం రోజున తేలదు. బల్ల దగ్గర చోటులేని మనిషి, గనిలో ఉన్నవాడు, రేవులో మూటలు మోసేవాడు, ఆ ఒప్పందం కింద మర్నాటినుంచి ఏ విధంగా బతికాడన్నదే కొలబద్ద. టెలివిజన్ చాలావరకు సంతకం దగ్గరే తెర దించింది. మళ్లీ వెనక్కి వెళ్లి చూసిన కొద్ది కథలే చరిత్రకు దగ్గరగా నిలిచాయి. దీన్నిబట్టి శిల్పం కూడా దృక్పథంలో భాగమేనని తేలుతుంది. కథ ఎక్కడ ఆపాలన్న నిర్ణయంలోనే రచయిత ఎవరి పక్షమో బయటపడుతుంది. సంధి గురించి, రాజీ గురించి, ఒప్పందం గురించి రాసే కథకుడు చప్పట్లు మోగిన చోట కలం దించకూడదు. మర్నాడు గనిలోకి దిగిన మనిషి దగ్గరికి వెళ్లి, నీకేమొచ్చిందని అడగాలి.