దానంతటదే ఆరిపోయే డబ్బా

లాప్‌టాప్ ఉన్నట్టుండి ఆరిపోతే మనవాళ్ళు అనే మొదటి మాట "వైరస్ అయ్యుంటుంది". రెండో మాట "ఫార్మాట్ కొట్టించెయ్". ఐటీలో ఉన్నవాళ్ళం కూడా ఇంటికెళ్ళాక ఇదే పాట పాడతాం, అదీ విచిత్రం. నిజానికి చాలాసార్లు అలా ఆరిపోవడమనేది ఇంజినీర్లు కష్టపడి దానికి నేర్పిన విద్య. ఆ నేర్పడం వెనక కాస్త చరిత్ర ఉంది. బెజవాడ ఎండల్లో కూర్చుని చెప్పుకుంటే ఇంకా బాగా ఎక్కుతుంది :)

1985లో ఇంటెల్ 386 వచ్చినప్పుడు చిప్ మీద ఫ్యాన్ అనే ఊసే లేదు. 486ల వేగం పెరిగేకొద్దీ ముందు పళ్ళ దువ్వెన లాంటి హీట్‌సింక్, తర్వాత దాని నెత్తిన ఫ్యాన్ వచ్చి కూర్చున్నాయి. 1995 నాటి పెంటియం ప్రోకి ఒక పిన్ను పెట్టారు, దాని పేరు థర్మ్‌ట్రిప్. లోపలి వేడి సుమారు 135 డిగ్రీలకి చేరితే చిప్ తన పని ఆపేసుకుని ఆ పిన్ను ద్వారా బోర్డుకి కబురు పెడుతుంది. అది ఆఖరి గీత. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ ప్రమాణాన్ని విడుదల చేశాయి. ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలి, వేగం ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు దుకాణం కట్టెయ్యాలి అనే విషయాల్లో ఆపరేటింగ్ సిస్టంకి కూడా పెత్తనం దక్కింది అప్పుడే.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం 2001లోది. టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు క్వేక్ 3 ఆట నడుస్తుండగానే ప్రాసెసర్ మీది హీట్‌సింక్ పీకేసి వీడియో తీశారు. పెంటియం 4 నత్తనడక నడిచింది గానీ ఆట ఆగలేదు. పెంటియం 3 కొయ్యబారిపోయింది, బతికింది మాత్రం. ఏఎండీ అథ్లాన్ అయితే క్షణాల్లో పొగలు కక్కుకుంటూ పోయింది. ఇందులో అసలు పాఠం ఇంకొకటుంది. అప్పుడు పరీక్షించిన ఏఎండీ చిప్పుల్లో కొత్తదానికి లోపల వేడిని కొలిచే డయోడ్ ఉంది. ఉండి ఏం లాభం? అది చెప్పేది విని వెంటనే కరెంటు కట్ చేసే నాథుడు బోర్డు మీద లేడు. సెన్సార్ ఉండటం వేరు, దాని మాట వినేవాడు ఉండటం వేరు. (మన ఆఫీసు మానిటరింగ్ డాష్‌బోర్డులు గుర్తొస్తే నా తప్పు కాదు.)

తర్వాత వచ్చిన గొడవలు త్వరగా చెప్పేస్తాను. 2006లో సోనీ తయారు చేసిన బ్యాటరీలు అంటుకుంటున్నాయని డెల్ 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిచింది. అదే ఏడాది మాక్‌బుక్‌లు ఊరికే ఆరిపోతున్నాయని జనం గోల పెడితే ఆపిల్ అక్టోబరులో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది. 2008లో ఎన్విడియా, కొన్ని లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల ప్యాకేజింగ్‌లో లోపముందని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. వేడెక్కడం, చల్లారడం, మళ్ళీ వేడెక్కడం. ఆ దెబ్బకి అతుకులు వదిలేశాయి.

ఇక మన ఊరి సంగతి. లాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్ కాగితం చూడండి, చాలావాటికి గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు ఉండాలని రాసుంటుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి బెజవాడలో 35 ఎక్కడ దొరుకుతుందండీ? 42, 43 మామూలు, కొన్నేళ్ళు 45 కూడా దాటుతుంది. గుడివాడ, బందరు వైపు వెళ్తే దీనికి ఉక్కపోత తోడు. అంటే మన డెల్టా వేసవి ఆ డిజైనర్ల లెక్కలోనే లేదు. వేడిని బయటికి నెట్టాలంటే బయటిగాలి చల్లగా ఉండాలి. ఎంత పెద్ద యంత్రానికైనా ఇదే సూత్రం. ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్ (ఇప్పటి పేరు నార్ల తాతారావు థర్మల్ కేంద్రం) 1979లో మొదటి యూనిట్‌తో మొదలైంది. అక్కడ ఆవిరిని మళ్ళీ నీరుగా మార్చడానికి కృష్ణ నీళ్ళు కావాలి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నిలబెట్టిన నీళ్ళే దానికి ఆధారం. కృష్ణమ్మే దాని హీట్‌సింక్ అన్నమాట.

గ్రిడ్‌కి కూడా థర్మ్‌ట్రిప్ లాంటివి ఉన్నాయి. ఉత్పత్తి పడిపోతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, అప్పుడు రిలేలు కొన్ని ఊళ్ళని కోసేసి మిగతావాటిని కాపాడతాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిలో ఆ కాపుదల చాలక గ్రిడ్లే కూలిపోయి సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. దక్షిణ గ్రిడ్ అప్పటికి వాళ్ళతో ఒకే ఫ్రీక్వెన్సీలో లేదు కాబట్టి మనం బతికాం. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో కలిశాం. అంతకు రెండు నెలల ముందు, 2013 అక్టోబరులో, సమైక్యాంధ్ర కోసం విద్యుత్ ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు 1760 మెగావాట్ల వీటీపీఎస్ ఆగింది, రైళ్ళు ఆగాయి. మాకు కొవ్వొత్తులే గతి.

ఈ చరిత్రంతా ఎందుకంటే, 2020లో ఇది నిజంగా పనికొచ్చింది. లాక్‌డౌన్‌లో మా బాబాయి కొడుకు గుడివాడ దగ్గర పల్లెకి చేరాడు. ఉద్యోగంలో ప్రొబేషన్. మే నెలలో లాప్‌టాప్ రోజూ ఆరిపోతుంటే, వాళ్ళ మేనేజరు "పని వేళల్లో తరచూ అందుబాటులో ఉండటం లేదు" అని మెయిల్ కొట్టాడు. "అన్నయ్యా, నేను మధ్యాహ్నం పడుకుంటున్నా అనుకుంటున్నారు వాళ్ళు" అన్నాడు ఫోన్లో. గొంతు బాగాలేదు.

ఈవెంట్ వ్యూయర్ తెరిపించాను. వేడి ఎక్కువై విండోస్ తనే మూసేస్తే కెర్నల్-పవర్ 86 అని రాసుకుంటుంది. వాడి దాంట్లో ఒక్కటీ లేదు, అన్నీ 41లే, బగ్‌చెక్ కోడ్ సున్నా. అంటే ఏం జరిగిందో విండోస్‌కే తెలియదు, కాళ్ళ కింద నేల లాగేశారు. అలా లాగేవి ముఖ్యంగా రెండు: థర్మ్‌ట్రిప్, లేదా కరెంటు. ఆరిపోయిన ప్రతిసారీ టైము, అప్పుడు ఫ్యాను తిరుగుతోందా లేదా రాసి పెట్టమన్నా. పది రోజుల్లో పదకొండుసార్లు ఆరిపోయింది. తొమ్మిదిసార్లు సరిగ్గా కరెంటు పోయిన క్షణానే. బ్యాటరీ రిపోర్ట్ తీస్తే, కొత్తలో 48 వాట్-అవర్లు పట్టాల్సింది 3 పడుతోంది. ఏళ్ళ తరబడి వేడిలో ఛార్జర్‌కి తగిలించి ఉంచిన ఫలితం. లిథియం బ్యాటరీకి నిండా ఛార్జ్, పైన వేడి, ఈ రెండూ కలిస్తే ఆయుష్షు కరిగిపోతుంది. మిగిలిన రెండుసార్లూ డబ్బా దూదిపరుపు మీద ఉంది, కింద గాలిరంధ్రాలు మూసుకుపోయి. పీట మీద పెట్టించాక ఆ రెండో రకం మళ్ళీ రాలేదు.

ఆ పట్టిక, లాగ్ జతచేసి మేనేజరుకి పంపించాడు. జవాబుగా హెల్ప్‌డెస్క్ టికెట్ నంబరొకటి వచ్చింది. కొత్త బ్యాటరీ కొరియర్‌లో చేరేసరికి జూన్ సగం అయింది. ప్రొబేషన్ మాత్రం ఇంకో మూడు నెలలు పొడిగించారు.