కాతిబ్, రైటర్, రాయసం

2012లో మస్కట్‌లో దిగిన కొద్ది వారాలకు నా చేతికి రెసిడెంట్ కార్డు వచ్చింది. వృత్తి అన్నచోట అరబ్బీలో ఒక చిన్న మాట. పక్క సీటు మలయాళీ మిత్రుణ్ణి చదవమంటే "కాతిబ్, అంటే క్లార్కు" అన్నాడు. నన్ను తీసుకున్నది టెక్నికల్ రైటరుగా. గ్యాసు ప్లాంటు నడిపేవాళ్లకు ఆపరేటింగ్ మాన్యువల్ రాసే పని. కంపెనీ పీఆర్వోని అడిగితే, "రాస్తావుగా? రాసేవాడు కాతిబే" అన్నాడు. భాష ప్రకారం ఆయన తప్పేమీ లేదు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు కూడా "రైటరా? ఏ పోలీసు స్టేషన్లో బాబూ?" అని అడిగారు.

కార్డు మీది మాట మెల్లగా నా బల్ల మీదికి దిగింది. మొదట మీటింగు మినిట్సు, తరువాత పాస్‌పోర్టుల జిరాక్సులు, ఆపైన మేనేజరు గారి పిల్లల స్కూలు ఉత్తరాలు. గుమాస్తా పని తక్కువదని నేననను. మా నాన్నగారు ఆ పని చేసే మమ్మల్ని చదివించారు. నా బాధ వేరు. ఏ పంపు ముందు ఆపాలో, ఏ వాల్వు తరువాత మూయాలో ఆపరేటర్ల పక్కన కూర్చుని తెలుసుకుని రాయాలి. డ్రాయింగులో ఒకటి, ప్లాంటులో ఇంకొకటి ఉంటే చాలాసార్లు పట్టుకునేది ఆ రాసేవాడే. టైపు చేసిన కాగితం అందరికీ కనిపిస్తుంది, దాని వెనుక పడ్డ తర్జనభర్జన కనిపించదు.

ఆ ఉక్రోషంలోనే చరిత్ర పుస్తకాలు తిరగేశాను. అరబ్బులలో కాతిబ్ అంటే ఒకప్పుడు ఎంత హోదా! చివరి ఉమయ్యద్ ఖలీఫా రెండవ మర్వాన్ కొలువులో పనిచేసి 750 ప్రాంతంలో మరణించిన అబ్దుల్ హమీద్‌ను చరిత్ర "అల్ కాతిబ్" అనే పిలుస్తుంది. తోటి కాతిబులకు ఆయన రాసిన లేఖ అరబ్బీ గద్యంలో పేరెన్నికగన్నది. ఇక ఒమన్ వారు తమవాడని చెప్పుకునే నావికుడు ఇబ్న్ మాజిద్. ఆయన పుట్టిన జుల్ఫార్ నేడు ఎమిరేట్స్‌లోని రస్ అల్ ఖైమాలో ఉంది. 1490 ప్రాంతంలో ఆయన రాసిన "కితాబ్ అల్ ఫవాయిద్" అచ్చంగా టెక్నికల్ మాన్యువలే. నక్షత్రాలు చూసి దారి పట్టడం, ఏ గాలిలో ఎటు బయలుదేరాలి, ఓడ నడిపేవాడి బాధ్యతలేమిటి, అన్నీ అందులో ఉన్నాయి. అలాంటివారిని ముఅల్లిం, అంటే గురువు, అనేవారు. ఓడ నడిపినవాడూ పుస్తకం రాసినవాడూ ఒకడే కావడం ఆయన అదృష్టం. నడిపేది ఒకరు, రాసేది మరొకరు అయినప్పుడే చిక్కంతా.

మన వైపూ అంతే. కృష్ణదేవరాయల కాలంలో రాయసం కొండమరుసు వంటివారు సీమలు ఏలారు. ఈస్టిండియా కంపెనీ వచ్చాక రైటర్ అన్నది తెల్ల ఉద్యోగి ఎక్కే మొదటి మెట్టు. కలకత్తా రైటర్స్ బిల్డింగుకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. 1744లో రైటరుగా మద్రాసు చేరిన క్లైవు ఎక్కడిదాకా వెళ్లాడో మనకు తెలుసు. మనవాళ్లకు ఆ నిచ్చెన లేదు.

ఏలూరు కావలి సోదరుల కథ చూడండి. కాలిన్ మెకంజీ దగ్గర చేరిన బొర్రయ్య పాత కన్నడ శాసనాలను చదివి అర్థం చెప్పాడు, 1803లో చిన్న వయసులోనే పోయాడు. ఈ దేశపు విజ్ఞానం వాకిట తాను మొదటి అడుగు పెట్టింది అతని సాంగత్యం వల్లనే అని మెకంజీ 1817లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. తమ్ముడు లక్ష్మయ్య ఊరూరికీ మనుషులను పంపి కైఫియతులు, శాసనాలు, తాళపత్రాలు సేకరించే పని నడిపాడు. 1816లో థామస్ హికీ గీసిన మెకంజీ చిత్రంలో ముగ్గురు భారతీయులున్నారు. వారిలో ఒకరు లక్ష్మయ్య కావచ్చంటారు. 1821లో మెకంజీ పోయాక ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. 1836లో ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ కాదన్నాడు. లక్ష్మయ్యకే కాదు, ఏ దేశీయుడికీ అంత సామర్థ్యం ఉండదని తేల్చాడు. తరువాత ఆ రాతప్రతుల పని రెవరెండ్ విలియం టేలర్‌కు దక్కింది. సేకరించినవాడు గుమాస్తా, పట్టిక రాసినవాడు పండితుడు! మరో తమ్ముడు రామస్వామి మాత్రం 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో తన పేరుతోనే కలకత్తాలో అచ్చు వేయించుకున్నాడు. తెలివైన పని చేశాడనిపిస్తుంది నాకు.

మస్కట్‌లో మాట ఒక్కటే అయినా దాని బరువు తక్కువేమీ కాదు. 2014 నుంచి ఎన్‌ఓసీ లేకుండా ఉద్యోగం వదిలినవారు రెండేళ్ల దాకా మళ్లీ ఒమన్‌లో పనికి రావడానికి వీల్లేకపోయింది. ఒప్పందం ముగిసినవారికి ఎన్‌ఓసీ అక్కర్లేదన్నది 2021 జనవరి నుంచే. 2018లో 87 వృత్తులకు ఆరు నెలలు కొత్త వీసాలు ఆపినప్పుడు, కార్డు మీద ఏముందోనని అందరూ తీసి చూసుకున్నారు. నా అనుభవ పత్రంలో కూడా కార్డులో ఉన్నదే రాస్తామన్నారు. దాన్ని పట్టుకుని ఇంకో దేశంలో టెక్నికల్ రైటర్ ఉద్యోగం ఎలా అడగను?

మాన్యువల్ మొదటి పేజీలో మూడు గడులుంటాయి: తయారుచేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గడిలో ఎప్పుడూ ఇంజనీరు గారి పొడి అక్షరాలే ఉండేవి. జీతం పెంచమనలేదు, ఆ గడి అడిగాను. ఆయన మదురై మనిషి. కాసేపు నా వైపు చూసి, "మొదటే అడగాల్సింది సార్" అన్నారు. తరువాతి రివిజనులో ఆ గడిలోకి నా అక్షరాలు వచ్చాయి, ఆయనవి రెండో గడికి జరిగాయి. కార్డు మీద కాతిబ్ మాత్రం చివరిదాకా అలాగే ఉంది. ఒమన్ వదిలేముందు కార్డు అప్పగించి, అనుమతి అడిగి ఆ ఒక్క పేజీ నకలు తెచ్చుకున్నాను. జిరాక్సు కూడా నేనే తీసుకున్నాను.