కొంగలకు రాసిచ్చిన కౌలు

కౌలు అనే మాట మన రైతులకు కొత్త కాదు. ఇన్నేళ్ళకు ఇంత గుత్త అని భూమి మీద రాసుకునే ఒప్పందాన్నే ఇప్పుడు మనం కౌలు అంటున్నాం. పూర్వం ఈ మాటకు అర్థం ఇంకా విశాలంగా ఉండేది. సర్కారు వారు ప్రజలకు అభయమిస్తూ రాసిచ్చే పత్రాన్ని కూడా కౌలు అనే అనేవారు. అలాంటి కౌలు ఒకటి రెండు వందల ఏళ్ళకు మునుపే పక్షుల కోసం పుట్టిందంటే చదువరులకు వింతగా తోచవచ్చు.

చెన్నపట్నానికి దక్షిణంగా చెంగల్పట్టు సీమలో వేడంతాంగల్ అనే ఊరుంది. అక్కడి చెరువులోని చెట్ల మీద ఏటా కొంగలు, నీటికాకులు వేలకొద్దీ గూళ్ళు కట్టుకుంటాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర తెల్లదొరల సిపాయీలు వేటకు వచ్చి వాటిని కాల్చడం మొదలుపెట్టారు. ఊరివారు కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరకు పోయి మొరపెట్టుకున్నారు. వారి వాదన దయాధర్మాల మీద మాత్రమే నిలబడలేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పారితే పైరు బాగా పండుతుంది, పక్షి పోతే పంట పోతుంది అన్నారు. 1798లో ప్లేస్ దొర వేట కూడదని కౌలు రాసిచ్చాడు. ఆ సీమలో పాడుపడిన చెరువులను బాగు చేయించిన అధికారి కూడా ఇతడే. 1858లో ఆ కౌలును తిరిగి రాయించుకున్నారు. 1936లో ప్రభుత్వం ఆ చెరువును పక్షుల రక్షణ స్థలంగా గుర్తించింది.

మన కర్ణాటకలో ఇలాంటి ఒప్పందమే మండ్య జిల్లా మద్దూరు తాలూకా కొక్కరె బెళ్ళూరులో కనబడుతుంది. ఆ ఊరి పేరులోనే కొంగ ఉంది. అక్కడ ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు ఇళ్ళ మధ్యనున్న చింతచెట్ల మీద పిల్లలను పెంచుతాయి. 1976లో ఎస్.జి. నేగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఈ సంగతిని లోకం దృష్టికి తెచ్చాడు. గూళ్ళున్న చెట్టు నుంచి చింతపండు దులపడం కుదరదు కనుక, ఆ నష్టానికి అటవీ శాఖ చెట్టు సొంతదారుకు పరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఊరివారు ‘హెజ్జార్లె బళగ’ అనే సంఘంగా ఏర్పడి, గూళ్ళ నుంచి జారిపడ్డ పిల్లలను సాకారు. 2007లో ఆ ఊరు సముదాయ రక్షిత ప్రదేశమైంది.

మూడో ఊరు మనకు మరీ దగ్గర. బాగేపల్లి నుంచి సరిహద్దు దాటితే వచ్చేది చిలమత్తూరు మండలం. అందులో వీరాపురం ఉంది. మునుపు అనంతపురం జిల్లాలో ఉండేది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. అక్కడికి సంక్రాంతి తర్వాత ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలు ఎగిరాక వానకాలంలో వెళ్ళిపోతాయి. అవి వస్తే ఊరికి మేలని అక్కడి వారి నమ్మకం. వాటిని ఎవరూ కొట్టరు, గూడున్న కొమ్మను కదిలించరు. అక్కడ కాగితం కన్నా ముందు పుట్టింది మాట.

వీటిని మన వైపు చాలామంది ‘సైబీరియా కొంగలు’ అంటారు. ఇది పొరపాటు. ఎర్రకాళ్ళ కొంగ ఈ దేశపు పక్షే. నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోయి వస్తుందే గాని, మంచు దేశాల నుంచి రాదు. ఈ సవరణ పాండిత్యం కోసం చేయడం లేదు. అది సైబీరియా పక్షే అయితే ఇక్కడ చెడితే అక్కడ బతుకుతుందని సరిపెట్టుకోవచ్చు. మన పక్షి కనుక దానికి మన వాన, మన చెరువు తప్ప వేరే దిక్కు లేదు.

బ్యాంకులో ముప్పై ఏళ్ళుగా గడువుల లెక్కలు చూసినవాణ్ణి కనుక దీన్ని కూడా గడువు లెక్కగానే చెబుతాను. గుడ్డు పొదగడానికి సుమారు 30 రోజులు. పిల్ల ఎగిరేందుకు మరో 60 రోజులు. గూడు కట్టడం, ఎగిరిన పిల్ల తిండి నేర్చుకోవడం కలుపుకుంటే నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలూ గూటికి అందుబాటులో, కొంగ కాళ్ళకు మించని లోతు నీటిలో చేపలుండాలి. మనవైపు చెరువులు నింపేవి ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు వానలు. అంటే ఆ వానలకు జమ అయిన నీరు మే నెల దాకా నిలవాలి. మార్చిలోనే అడుగంటితే పిల్లలు గూట్లోనే చస్తాయి.

వాతావరణ మార్పు దెబ్బ తీసేది సరిగ్గా ఈ గడువునే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు నూటికి 7 వంతులు ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. అందుచేత కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది, నడుమ ఎండుతుంది. పైగా వేడికి చెరువు నీరు త్వరగా ఆవిరవుతుంది. 2024లో భూగోళపు సగటు వేడి, యంత్రయుగానికి మునుపటి కన్నా ఒకటిన్నర డిగ్రీ మించింది. మన ఊళ్ళలో దీని రూపం చూశాం. 2021 నవంబరులో చిత్రావతి పొంగింది, ఏళ్ళ తరబడి మరవ పారని చెరువులు పారాయి. రెండేళ్ళు తిరక్కుండానే, 2023లో కర్ణాటకలోని 236 తాలూకాలలో 223ను కరువు తాలూకాలుగా ప్రకటించారు. ఎండలో రెక్కలు పరచి పిల్లలకు నీడపట్టే కొంగ, అదే వేళ చేపకు పోలేదు. ఎండ ముదిరిన కొద్దీ దానికి ఈ ఇరకాటం పెరుగుతుంది.

కరువులు మన పెద్దలకు తెలియనివి కావు. వారు వాటిని తట్టుకున్నది చెరువుల గొలుసుతో. ఒక చెరువు మరవ నీరు కింది చెరువుకు చేరేది. కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను ఏకరువు పెట్టింది. కట్టను కాపాడేవారికి తెలుగు సీమలో దశబంధం, మైసూరు సీమలో కట్టుకొడగె అనే మాన్యాలుండేవి. తూము తెరిచి మూసేవాడు నీరుగంటి. మాన్యాలు పోయాయి, నీరుగంటి పోయాడు, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి, పరీవాహకంలో నీలగిరి తోపులు లేచాయి. కొత్తగా నీలగిరి నాటరాదని 2017లో ప్రభుత్వం ఉత్తర్వు చేసే నాటికి చాలా కాలువలు పూడిపోయాయి.

2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన మురుగు నీరు మన వైపు చెరువులకు వస్తున్నది. మొదటి దశలో కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల చెరువులు 126. ఎండిన చెరువులు నిండటం సంతోషమే. కానీ ఆ ఏడాది జులైలో నురగ కనబడటంతో హైకోర్టు కొంతకాలం నీటిని ఆపించింది. చెరువు నిండిందా అన్నది ఒక ప్రశ్న, ఏ నీటితో నిండిందన్నది ఇంకొకటి. 2017 చివర నుంచి కొక్కరె బెళ్ళూరులో పదుల సంఖ్యలో గూడబాతులు కడుపులో పురుగులు పడి చచ్చాయి. ఆ పురుగు చేపల ద్వారా చేరుతుంది. చేప ఆరోగ్యం నీటిని బట్టే ఉంటుంది.

మనం చేయగలిగినవి పెద్ద పనులు కావు. పూడిక తీసేటప్పుడు చెరువునంతా నిట్టనిలువుగా తవ్వకుండా ఒక వైపు అంచును వాలుగా వదలాలి. కొంగ నిలబడేది అక్కడే. మే దాకా అడుగు నీటిని మోటర్లతో తోడకుండా పంచాయతీ కట్టడి చేయాలి. పై చెరువు నుంచి కింది చెరువుకు కాలువ తెరవాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పాత చింతమానులను ఉంచాలి. చింత మాను కావడానికి ఒక తరం పడుతుంది. గూళ్ళున్న చెట్టు సొంతదారుకు కొక్కరె బెళ్ళూరు లెక్కన పరిహారం దక్కాలి.

తాతయ్యగారు తెలుగులోనూ కన్నడలోనూ పాడిన కైవార మనది. రెండు భాషలవారు ఒకే చెరువు నీళ్ళు తాగిన సీమ. కొంగకు సరిహద్దు తెలియదు. వీరాపురం చింతచెట్టు మీది పిల్లకు చేప మన చెరువు నుంచి కూడా పోవచ్చు. వాళ్ళు చెట్టును కాపాడుతున్నారు. మన వంతు నీటిది. వేడంతాంగల్ రైతులు అడిగి కౌలు రాయించుకున్నారు. మన గ్రామసభలలో అడిగేవారు ఎవరన్నదే ఇప్పుడు తేలవలసింది.