‘శ్రీకాకుళం స్లాంగ్’ అనొచ్చా? ఒక మాట వెనకున్న చరిత్ర

‘శ్రీకాకుళం స్లాంగ్‌లో డైలాగ్’, ‘విజయనగరం స్లాంగ్ కామెడీ’... ఇలాంటి టైటిల్స్ మనం రోజూ ఫోన్లో చూస్తూనే ఉంటాం. ఈ ఎపిసోడ్‌లో ఆ ‘స్లాంగ్’ అన్న మాట గురించే మాట్లాడుకుందాం. చిన్న మాటే గానీ, దాని వెనక వందేళ్ల గొడవ ఉంది.

ముందు స్లాంగ్ అంటే ఏంటో చూద్దాం. ఇంగ్లీషు రాతల్లో ఈ మాట 1750ల నుంచి కనిపిస్తుంది. అప్పట్లో దొంగలు, దేశదిమ్మరులు తమలో తాము వాడుకునే మాటల్ని స్లాంగ్ అనేవారు. 1785లో లండన్‌లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన అలాంటి వీధి మాటల్ని పోగేసి ఏకంగా ఒక డిక్షనరీయే అచ్చేశాడు. పోనుపోను ఆ మాటకున్న చెడ్డపేరు కొంచెం తగ్గింది. ఇప్పుడు స్లాంగ్ అంటే ఒక వయసు వాళ్లో, ఒక గ్యాంగో సరదాగా పుట్టించుకున్న మాటలు, లేదా పాత మాటకే తగిలించుకున్న కొత్త అర్థాలు.

మీకు తెలిసిన మాటలే తీసుకుందాం. ‘ఘోస్ట్’ అంటే దెయ్యం. కానీ ఘోస్ట్ చేశాడంటే మెసేజులకి జవాబివ్వకుండా మాయమైపోయాడని. దీన్ని తెలుగులో ఎలా చెప్తాం? ‘హ్యాండిచ్చాడు’ అంటాం. తమాషా ఏంటంటే, ఇంగ్లీషు వాడికి హ్యాండివ్వడమంటే సాయం చెయ్యడం! మనం దాన్ని పూర్తిగా తిప్పేశాం. ‘క్యాప్’ అంటే టోపీ, స్లాంగ్‌లో అబద్ధం. మన దగ్గర అబద్ధాలు చెప్తే ‘కోతలు కోస్తున్నాడు’ అంటాం, మోసం చేస్తే ‘టోపీ పెట్టాడు’ అంటాం. ‘ఫ్లెక్స్’కి మన ‘బిల్డప్’ సరిపోతుంది. ‘సాల్టీ’ అంటే ఉప్పగా ఉందని కాదు, ఉడుక్కుంటున్నాడని.

వీటన్నిటిలో ఒకటి గమనించండి. ఈ మాటలు మనం పెద్దయ్యాక, ఫ్రెండ్స్ దగ్గర నేర్చుకున్నవి. నాలుగేళ్లు పోతే వీటిలో చాలావరకు పాతబడిపోతాయి. అమ్మతో మాట్లాడేటప్పుడు ఒక రకం, ఫ్రెండ్స్‌తో ఇంకో రకం... మాట మార్చుకునే వీలు మనకుంటుంది. అదీ స్లాంగ్.

మరి ‘ఏటి’, ‘బేగి రా’, ‘ఒగ్గేయ్’, ‘కూకో’... ఇవి స్లాంగేనా? ఇవి ఫ్రెండ్స్ దగ్గర నేర్చుకున్నవి కావు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి విన్నవి. పెళ్లిలోనూ ఇవే మాటలు, చావింట్లోనూ ఇవే మాటలు. ‘బేగి’ అన్నది ‘వేగం’ చుట్టమే. మన పల్లెల్లో ‘గుంట’ అంటే ఆడపిల్ల, ‘గుంటడు’ అంటే మగపిల్లాడు, ముద్దుగానే అంటారు. అదే మాట వేరే జిల్లాలో అంటే తిట్టారనుకుంటారు. తప్పు మాటది కాదు, విన్నవాళ్లకి దాని ఊరు తెలియదంతే. దీనికి తెలుగులో మంచి పేర్లున్నాయి: యాస, మాండలికం.

ఇప్పుడు వందేళ్ల వెనక్కి వెళ్దాం. అప్పటి పండితులు జనం మాట్లాడే భాషకి ఒక పేరు పెట్టారు: ‘గ్రామ్యం’. అంటే పల్లెటూరి మొరటు మాట, పుస్తకానికి పనికిరాదని. చదువుకున్నవాళ్లు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు కూడా వాళ్ల లెక్కలో గ్రామ్యమే. బడిలో మాత్రం ఎవరూ మాట్లాడని గ్రాంథికం నేర్పేవారు.

దాన్ని ఎదిరించింది ఎవరనుకున్నారు? మనవాళ్లే. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధార పక్కన పర్వతాలపేటలో పుట్టారు. ఇప్పుడు ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. విజయనగరంలో చదువుకునేటప్పుడు ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అందులో గిరీశం ఇంగ్లీషు కలిపి కోతలు కోస్తాడు, పనివాడు అసిరిగాడు తన పల్లె మాటే మాట్లాడతాడు. ఎవరి మాట వాళ్లదే.

గిడుగు పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ, అడవుల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. లిపి లేని భాషకి కూడా పద్ధతి ఉంటుందని చూపించారు. తెలుగు గురించి 1913లో ఇంగ్లీషులో పెద్ద వాదపత్రం రాశారు. మరుసటి ఏడు మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో గురజాడ అసమ్మతి పత్రం ఇచ్చారు. ఇవాళ మనం చదివే వార్తలు, పాఠాలు, సబ్‌టైటిల్స్ ఈ తెలుగులో ఉన్నాయంటే అందులో వాళ్ల కష్టం చాలా ఉంది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. గిడుగు అడిగింది ‘శిష్ట వ్యావహారికం’, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగు. అది గెలిచింది. కానీ పేపర్లలోకి, సినిమాల్లోకి వచ్చేసరికి కృష్ణా, గోదావరి జిల్లాల మాటే ‘అసలు తెలుగు’గా కూర్చుంది. ఉద్యమం నడిపిన జిల్లాల మాట మాత్రం తెర మీద ఎక్కువగా పనివాళ్లకి, కామెడీ పాత్రలకి మిగిలింది. అలా నిన్నటి ‘గ్రామ్యం’ ఇవాళ ‘స్లాంగ్’ అన్న కొత్త చొక్కా తొడుక్కుంది.

ఆ మాటతో సీరియస్‌గా రాసినవాళ్లూ ఉన్నారు. శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి కథల్లో పేదవాళ్లు కోర్టు ముందు నిలబడి ఈ యాసలోనే తమ బాధ చెప్పుకుంటారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వంగపండు పాటలు దీన్ని రాష్ట్రమంతా పాడించాయి. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చే పని మొదలుపెట్టారు. ఇదంతా కామెడీ ట్రాక్ కాదు కదా?

ఎందుకింత పట్టింపు అంటారా? వైజాగో హైదరాబాదో వెళ్లిన మన పిల్లలు హాస్టల్లో మొదటి వారంలోనే ‘ఏటి’ని దాచేసుకుంటున్నారు. ఇంటర్వ్యూలో నోరు విప్పడానికి భయపడుతున్నారు. తమ మాటకి ‘స్లాంగ్’ అని పేరు పడితే, అది తప్పు మాటేమో అనిపించడం సహజం.

కాబట్టి స్లాంగ్ వాడండి, కొత్తవి పుట్టించండి, హ్యాండిచ్చినవాడిని హ్యాండిచ్చాడనే అనండి. కానీ అమ్మ మాటని స్లాంగ్ అనకండి. ఈసారి ఊరెళ్లినప్పుడు మామ్మ దగ్గర కూర్చుని, పుస్తకాల్లో మీకెప్పుడూ కనపడని పది మాటలు ఫోన్లో రికార్డు చెయ్యండి, అర్థాలతో సహా. గిడుగు మాస్టారు సవరల మధ్య కూర్చుని చేసిన పని కూడా అలాంటిదే. ఆయన చేతిలో ఫోన్ కూడా లేదు.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.